జీపు కంటికి పసుపు

నమోదు 1

ఇదిగో, మాట్లాడుతున్నాను. ఏం పని చేయబోతున్నామో నోటితో చెప్పకపోతే ఈ కొత్త స్కానరు బండి కోడులోకి అడుగు పెట్టనివ్వదట. సాయం చట్టంతో పాటు వచ్చిన నియమం. సరే, చెప్తాను, విను. పేరు మంగవేణి. ఊరు దిగువపేట, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోటు. నా మొగుడు దాలినాయుడు జీపు తోలతాడు. దిగువపేట నుంచి కొండ మీద ఎగువ సంతకి, మళ్ళీ కిందికి. ఇక నా పని, కంపెనీ మూసి పంపిన సాయాలు తెరవడం.

మన కొండల బళ్ళలో అన్నీ ఉన్నాయి. ముందు జాలీ మధ్యలో రూపాయి బిళ్ళంత నల్ల కన్ను ఉంది. తనంతట తాను బ్రేకు వేసే సాయం ఉంది, స్టీరింగుని దారిలో పట్టి ఉంచే సాయం ఉంది. అన్నీ బిగించి, డబ్బు తీసుకుని, 'ఈ ప్రాంతానికి లేదు' అని కోడులో ఒక ముక్క రాసి మూసేశారు. ఎందుకు మూశారో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడేమో సాయం లేని బండిని ఘాట్ ఎక్కనివ్వకూడదని చట్టం. గేటు దగ్గర మనిషి కూడా లేడు, బతిమాలుకోవడానికి. బండి 'నాకు సాయం ఉంది' అని గేటుకి చెప్తే కర్ర లేస్తుంది, లేకపోతే లేవదు.

ఒక్కో ముక్కా వెతికి తెరవాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే కోడు పని చేసే ఎవరైనా చేసేది ఒకటే. అన్నీ తెరిచి ఉన్న ఖరీదైన బండిని ఒకదాన్ని పట్టుకుంటారు, దాని కోడంతా తీసి మిగతా బళ్ళకి ఎక్కిస్తారు. దాన్ని తల్లి బండి అంటాం. మా తల్లి బండి పైన మూతబడిన హోటలు వాళ్ళ పెద్ద కారు. పాత ఇనుము కింద అమ్ముతుంటే కొన్నాను. వెనక భాగం తుప్పు పట్టిపోయింది గానీ దాని బుర్ర మాత్రం బంగారం.

మొదట మా ఆయన జీపుకే ఎక్కించాను. షెడ్డు ముందు గోనెసంచిలో గడ్డి కుక్కి మనిషిలా నిలబెట్టి, జీపుని మీదికి తోలమన్నాను. సంచిని శుభ్రంగా గుద్దేసి పోయింది. తర్వాత అదే సంచికి తాడు కట్టి అడ్డంగా లాగితే, టక్కున ఆగింది. అప్పుడర్థమైంది. ఈ కంటికి కదిలితేనే మనిషి, కదలకపోతే రాయి. మైలురాయి కనిపించినప్పుడల్లా ఆగకుండా అలా నేర్పారట.

"ఒలే, నువ్వు నిజంగా గొప్పదానివే," అన్నాడు మా ఆయన. ఆయనకి నేనేం చేసినా గొప్పే.

నమోదు 2

ఘాట్ జీపులన్నీ వరసగా వచ్చేశాయి. పొద్దుటి నుంచి నడుం ఎత్తలేదు. అందరికీ తల్లి కోడే.

సాయంత్రానికల్లా గొడవ. "మంగవేణమ్మా, గేటు దాటే దాకా బాగానే ఉంది, ఘాట్ ఎక్కగానే సాయం చచ్చిపోతంది," అంటూ తాతబ్బాయి వచ్చాడు. ఇతను మా ఆయన కన్నా పాత డ్రైవరు, నోరు పెద్దది. వెళ్ళి చూద్దును కదా, డాష్ బోర్డు మీద 'కన్ను మూసుకుంది, చేతులతో నడపండి' అని వస్తోంది. ముందుకొచ్చి చూస్తే కంటి నిండా దట్టంగా పసుపు, మధ్యలో ఇంత కుంకుమ.

గేటు దాటగానే మెట్ట పోలమ్మ గుడి. అక్కడ ఆగి, కొబ్బరికాయ కొట్టి, బండి మొహానికి పసుపు పూయించుకోకుండా ఏ డ్రైవరూ ఘాట్ ఎక్కడు. పూసేది వరహాలమ్మ. గుడి పక్కన కొబ్బరికాయల కొట్టు ఆమెదే. బండి మొహానికి సరిగ్గా నడుమ నల్లగా గుండ్రంగా బొట్టు పెట్టుకునే చోటులా కనిపిస్తుంటే ఆమె మాత్రం ఎక్కడ పూస్తుంది?

స్కూటరు మీద పోయి అడిగాను, గేటు స్కూటర్లని ఆపదు.

"వరహాలత్తా, పసుపు టైర్లకి పూసుకో, బంపరుకి పూసుకో, ఆ కంటి జోలికి మాత్రం పోకు."

"కంటికి పూయకపోతే దిష్టి ఏటి పోద్దే?" అంది.

"దిష్టి పోవడం కాదు, చూపు పోతంది దానికి!"

"నా అమ్మోరికి చూపుంది సాలు. నీ బండికెందుకే చూపు?"

ఆమెతో వాదించేకంటే నోరు మూసుకోవడం నయం. తిరిగొచ్చి డ్రైవర్లందరికీ తలో మెత్తటి గుడ్డ ఇచ్చాను. గుడి దాటగానే దిగి కన్ను తుడుచుకోండి, తుడవని వాడి బండి మళ్ళీ నా షెడ్డులో కనపడితే ఊరుకోను అని కేకలేశాను. మా ఆయన ఆ గుడ్డని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నమోదు 3

మళ్ళీ తాతబ్బాయే. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. అదే నాకు నచ్చలేదు.

"దిగుతంటే విరిగిన మలుపు కాడ స్టీరింగు లాగినాదమ్మా. నా చెయ్యి మీద ఎవులో చెయ్యేసి లాగినట్టు."

విరిగిన మలుపంటే, రెండు వర్షాకాలాల కింద కొండ విరిగిపడి రోడ్డు లోయలోకి పోయిన చోటు. ఇప్పుడు కొండని లోపలికి తొలిచి కొత్త రోడ్డు వేశారు. పాత రోడ్డున్న చోట గాలి తప్ప ఏమీ లేదు. దిగేటప్పుడు లోయ మన ఎడమ చేతి వైపు ఉంటుంది.

"ఎటు లాగింది?"

"ఎడమకి."

చక్రాల అమరిక తప్పి ఉంటుందిలే అని సరిచేసి పంపాను. నవ్వుతూనే పంపాను. కానీ అన్నం తింటుంటే ఆ 'ఎడమకి' అన్న మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది.

నమోదు 4

ఇవాళ ఇంకో డ్రైవరు అదే మాట చెప్పాడు. అదే మలుపు, అదే ఎడమ. అతని జీపు కొత్తది, చక్రాల తప్పేమీ లేదు.

నేనే మా ఆయన జీపులో పైకి వెళ్ళాను. ఎండ బాగా కాస్తోంది. రోడ్డు మీద తెల్ల గీతలు మెరుస్తున్నాయి. దిగేటప్పుడు విరిగిన మలుపు దగ్గర స్టీరింగు మీద నా చెయ్యి కూడా వేసి చూశాను. వచ్చింది. చిన్న గుంజుడు. పసిపిల్ల కొంగు లాగినంత. వెంటనే కన్ను గీతల్ని చూసి వదిలేసింది, జీపు దారిలోకి వచ్చేసింది.

"నీకు తెలియలేదా మావా ఇది?"

"తెలిసింది. నువ్వు తెరిచిందే కదా, దానికేటో లెక్కుండుంటది అనుకున్నాను."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇలా నమ్మేవాడితో కాపురం చేయడం ఎంత భయమో ఎవరికైనా చెప్తే నవ్వుతారు. కారణం తేలేదాకా జీపు తియ్యొద్దన్నాను. రేపు సంత, మనుషులు ఎదురు చూస్తారు, ఎండగానే ఉంది కదా అన్నాడు. ఎండగానే ఉందని నేనూ ఊరుకున్నాను. సంత అయ్యాక కూర్చుని చూద్దామనుకున్నాను.

నమోదు 5

పొద్దున్న ఆకాశం శుభ్రంగానే ఉంది. జీపులన్నీ పైకి పోయాయి. మధ్యాహ్నం అన్నం వార్చి బయటికొచ్చి చూస్తే కొండ లేదు. మంచు కమ్మేసింది. గేటు దాకా తెల్లగా దిగిపోయింది.

మంచులో కంటికి తెల్ల గీతలు కనపడవు. గీతలు కనపడకపోతే ఈ సాయం దేన్ని పట్టుకుని స్టీరింగు తిప్పుతుంది? ఆ ప్రశ్న నిన్న రాలేదు నాకు. ఇవాళ వచ్చింది. తల్లి బండి దగ్గరికి పరుగెత్తాను. ఇప్పుడు దాని పక్కనే కూర్చుని మాట్లాడుతున్నాను. స్కానరూ, పని చెప్తున్నాను విను, తల్లి బండి కోడులో స్టీరింగు సాయం ఎక్కడి నుంచి దారి తెచ్చుకుంటోందో చూడాలి. తెరువు.

తెరిచింది.

ఉంది. అయ్యో, ఉంది. 'గుర్తున్న దారి' అని ఒక పెద్ద మూట. తిరిగిన రోడ్డునల్లా ఈ బండి మనసులో పెట్టుకుంది. హోటలు కారు కదా, రోజూ మన ఘాట్ ఎక్కి దిగింది, ఒక్కో మలుపూ నేర్చుకుంది. నేను సాయాలతో పాటు ఈ మూటని కూడా అన్ని జీపులకీ ఎక్కించేశాను. హోటలు ఎందుకు మూతబడింది? కొండ విరిగి దారి పోయిందనే కదా! అంటే ఈ బండికి తెలిసిన రోడ్డు కొండ విరగక ముందుది. దాని లెక్కలో విరిగిన మలుపు విరగనే లేదు. అక్కడ ఎడమ పక్కన ఇంకా రోడ్డుంది.

ఎండలో అయితే గీతలు చూసి సర్దుకుంటుంది. మంచులో గుర్తున్న దారినే పట్టుకుంటుంది. తోలేవాడి చేతికంటే గట్టిగా పట్టుకుంటుంది, మంచులో మనిషి చూపుని నమ్మొద్దని దానికి నేర్పారు కాబట్టి. ఎదురుగా ఏదైనా కదిలితే ఆగుతుంది. ఎదురుగా నేల లేకపోతే ఆగదు. లేనిదాన్ని ఆ కన్ను ఎలా చూస్తుంది?

ఏటా వానకి మారిపోయే రోడ్లు మావి. అందుకే మూసి పంపారేమో. ఆ మాట ఒక్క ముక్క రాసి ఉంటే మీ సొమ్మేం పోయేది!

పైన సంతలో టవరు పడిపోయి చాలా రోజులైంది, ఫోను కలవదు. గేటు ఆఫీసుకి చేస్తే 'మీ కాల్ మాకు ముఖ్యం' అని పాట. జీపులన్నీ సంత ముగించుకుని దిగే వేళైంది. వరహాలమ్మకి చేస్తాను.

నమోదు 6

స్కూటరు మీద ఉన్నాను. స్కానరు మెడలో వేలాడుతోంది. మాట్లాడుతుంటే కాస్త ధైర్యంగా ఉంది, అందుకే ఆపడం లేదు.

వరహాలమ్మ మొత్తం విని, "ఓలమ్మో," అని నెత్తి కొట్టుకున్న చప్పుడు వినపడింది. తర్వాత చెప్పింది.

"ఒలే పిల్లా, భయపడకు. ఆ జీపులేటికీ కన్ను లేదు. ఈ మజ్జెన నా కాడే దగ్గరుండి మరీ పసుపు పూయించుకుంటన్నారు. అమ్మోరు సెయ్యి పడ్డ రోజు స్టీరింగు లాగట్లేదంట. నీకు సెప్తే తిడతావని సెప్పలేదు."

"అందరూనా?"

"పోలమ్మ తల్లీ," అని గొణుక్కుంది.

"అత్తా, అందరూనా?"

"నీ మొగుడు తప్ప. ఈయేల కూడా పూసినాను. దణ్ణం పెట్టుకుని, పక్కకెల్లి, జేబులోంచి గుడ్డ తీసి సుబ్బరంగా తుడిసేసుకున్నాడు. ఒగ్గేయ్ నాయినా అన్నాను. మా మంగవేణి తుడవమంది అత్తా అన్నాడు."

గుడి దగ్గర ఆగితే ఆమె నా కొంగుకి పసుపు మూట కట్టింది. బేగి ఎల్లు అంది, ఇంకేమీ అనలేదు. పైకి పోతున్నాను. లైటు వేస్తే తెల్లగోడ, తీస్తే బూడిదగోడ. కొండ వైపు కాలవని అంచుగా పెట్టుకుని పోతున్నాను. నిన్న జీపు తియ్యొద్దని గట్టిగా పట్టుబట్టి ఉంటే సరిపోయేది. అన్ని విషయాలకీ పట్టుబట్టే దాన్ని, ఆ ఒక్కదానికి ఎందుకు ఊరుకున్నాను? గుడ్డ పెట్టుకోకపోతే అరిచాను, జీపు తీస్తే అరవలేదు.

హారను! పైనుంచి ఒకటి దిగుతోంది. తప్పుకుంటున్నాను.

పోయింది. మెల్లగా, హారను కొట్టుకుంటూ, డ్రైవరు చేతులతో తోలుకుంటూ పోయాడు. వెనకే ఇంకోటి. దాని మొహం నిండా పసుపే. జన్మలో పసుపుని చూసి ఇంత సంతోషపడలేదు నేను.

నమోదు 7

విరిగిన మలుపు. వచ్చేశాను. స్కూటరుని కొండ వైపు నిలబెట్టాను, లైటు వేసే ఉంచాను. ఆ లైటు నాకే నాలుగు అడుగుల దూరంలో కనపడటం లేదు. మా ఆయనకేం కనపడుతుంది?

ఇప్పుడే తాతబ్బాయి దిగాడు. నన్ను చూసి జీపు ఆపాడు.

"ఏటమ్మా ఇక్కడ? నీ మొగుడు నా ఎనకే వస్తన్నాడు. బండి నిండా సంత జనం."

"ఆయన జీపు కన్ను ఎలా ఉంది?"

"అద్దంలా ఉంది."

సంగతి తాతబ్బాయికి చెప్పాను. తన జీపు అడ్డం పెడతానన్నాడు. వద్దన్నాను. ఆగి ఉన్న బండి ఆ కంటికి రాయితో సమానం, సంచిని గుద్దినట్టే గుద్దేస్తుంది, రెండూ లోయలోకే. అతని జీపులోనూ ముసలీ ముతకా ఉన్నారు. కిందికి పోయి మంచు లేని చోట ఆగమని పంపేశాను. వెళ్ళలేక వెళ్ళాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. కదిలే మనిషి. కొత్త రోడ్డు కొండలోకి వంపు తిరిగే చోటుకి కాస్త ముందు, పాత రోడ్డు తిన్నగా పోయే గీత మీద నేనే నిలబడాలి. నిలబడటం కాదు, కదులుతూ ఉండాలి. కన్ను నన్ను చూస్తే జీపు ఆగుతుంది. గోనెసంచికి ఆగింది కదా. తాడు కట్టి లాగితే ఆగింది కదా! మెత్తటి నేల మీద, ఎండలో, మెల్లగా వస్తున్నప్పుడు, ఒక్కసారి. అంతకు మించి నాకేమీ తెలియదు. జీపులన్నీ ఈ కోడుని నమ్మి పైకి పోయాయి. ఇప్పుడు అదే కోడుని నమ్ముకుని నేను రోడ్డు మీదికి పోతున్నాను. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. పారిపోవాలనుంది. దాలినాయుడుకి నా గొంతు వినపడితే బాగుండు. మావా! మావా! వినపడదు, ఇంజను మోతలో ఏం వినపడుతుంది.

వస్తోంది. జీపు చప్పుడు నాకు తెలుసు, మూడో గేరులో కాస్త దగ్గుతుంది. అదే.

చేతులు ఊపుతున్నాను. ఎగురుతున్నాను. పోలమ్మ పండగలో ఘటం ముందు ఆడినట్టు ఆడుతున్నాను, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని. చూడు. చూడవే, నీకు దణ్ణం పెడతాను, నన్ను చూడు. తెల్లగా ఏదో వెలుగు... దగ్గరికి వచ్చేస్తోంది... ఆగడం లేదు... ఆగడం లేదు, అమ్మా...

నమోదు 8

నా మోకాలికీ బంపరుకీ మధ్య నా జానెడు చోటు ఉంది. చెయ్యి పెట్టి చూశాను. బానెట్టు వేడిగా ఉంది.

జీపులో జనం ఒకరి మీద ఒకరు పడి కేకలు పెడుతున్నారు. ఎవరికో పెదవి చిట్లింది, ఎవరిదో కోడి గంపలోంచి తప్పించుకుని అరుస్తోంది. నేను ముందు చక్రాల వంక చూశాను. రెండూ లోయ వైపు తిరిగి ఉన్నాయి.

దాలినాయుడు దిగాడు. స్టీరింగుని ఎంత గట్టిగా పట్టుకున్నాడో, వేళ్ళు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. నా దగ్గరికి వచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా తడిమి చూశాడు.

"దెబ్బ తగల్లేదు కదే? దెబ్బ తగల్లేదు కదా?"

"లేదు. నువ్వు ఆపావు కదా."

"నేను ఆపలేదే." స్టీరింగు వైపు చూపించాడు. "నువ్వు నాకు కనపళ్ళేదు. స్టీరింగుతో కొట్టుకుంటన్నాను, ఎడమకి పోతంది, నా వల్ల కావట్లేదు. బ్రేకు మీద కాలు కూడా లేదు. అదే ఆగింది."

అప్పుడు కూర్చుండిపోయాను, రోడ్డు మీదే. ఆయన తుడిచి ఉండకపోతే ఈ జీపు లాగేదే కాదు. తుడిచాడు కాబట్టి అది నన్ను చూసింది. ఇందులో ఏది తప్పో ఏది అదృష్టమో తర్వాత ఆలోచిస్తాను. ఇప్పుడు నా బుర్ర పనిచేయడం లేదు.

సంత జనాన్ని కొండ వైపు కాలవ పక్కన నిలబెట్టాం. స్కానరూ, పని చెప్తున్నాను: ఈ జీపులో నేను తెరిచినవన్నీ మూసేస్తున్నాను, ఆ పాత దారి మూట తీసి పారేస్తున్నాను. రేపటి నుంచి మిగతా జీపులకీ ఇదే పని. గేటు లేవకపోతే మానె, పైకి పోకపోతే ఎవరూ చావరు. స్కానరు మీద గీత నిండి పని పూర్తి కావడానికి చాలా సేపు పడుతుందని చూపిస్తోంది. అంతసేపు నాకు ఓపిక లేదు. కొంగుముడి విప్పి, పసుపంతా ఆ నల్ల కంటి మీద పోసి, అరచేత్తో గట్టిగా మెత్తాను. లోపల డాష్ బోర్డు మీద 'కన్ను మూసుకుంది' అని వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

తిరిగి చూస్తే దాలినాయుడు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి జేబులోకి పోయింది. నాలుగు మడతల గుడ్డ సగం బయటికొచ్చింది. అక్కడే ఆగి, నా మొహంలోకి చూశాడు.

"తుడవొద్దా?" అని అడిగాడు.